కొత్త రౌటర్ పెట్టాక పాత వస్తువులు కనెక్ట్ కాకపోతే ఏం చేయాలి

పర్లాకిమిడిలో మా మేనత్తది పాతకాలపు వీధి ఇల్లు. అరుగు ఎక్కితే ముందు గది, దాని వెనక నడిమి గది, ఆ వెనక వంటిల్లు, సామాన్ల గది, చివర పెరడు. రెండు పక్కలా పక్కిళ్లతో కలిసిన మందపాటి గోడలే. మొన్న వేసవిలో ఫైబర్ కనెక్షన్ పెట్టించుకుంది. వచ్చిన కుర్రాడు ముందు గదిలో కొత్త రౌటర్ ఉన్న తెల్ల పెట్టె బిగించి, అత్త ఫోన్లో ఒక వీడియో ఆడించి చూపించి వెళ్లిపోయాడు. సాయంత్రం నాకు ఫోన్. "ఏట్రా ఇది, ఫోన్లో వస్తంది గానీ టీవీలో రాదు. గుమ్మం కెమెరా కూడా పని చెయ్యట్లేదు." బజార్లో అడిగితే కెమెరా పాతబడిపోయింది, కొత్తది కొనమన్నారట.

ఆదివారం వెళ్లి చూశాను. కెమెరా, టీవీ, మా బావ లాప్‌టాప్, ప్రింటర్ నాలుగూ మొండికేశాయి. ఒక్కటి కూడా పాడవలేదు. కాకపోతే నాలుగింటికీ నాలుగు వేర్వేరు కారణాలు. నెట్ రావట్లేదని అన్నింటికీ ఒకే మందు వేస్తే పని జరగదు. ఏ వస్తువు ఎక్కడ ఆగిపోతోందో ముందు కనిపెట్టాలి. ఆ రోజు నేను చేసిన పనులు, తర్వాత మా వీధిలో మరికొన్ని ఇళ్లలో చేసినవి కలిపి వరసగా రాస్తున్నాను. కొత్త సామాను కొనే ముందు ఒక్కసారి ఇవన్నీ చేసి చూడండి.

పాత రౌటర్ ఇంకా పీకకపోతే

మీరు అదృష్టవంతులు. పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉన్నవి ఉన్నట్టుగా కాగితం మీద రాసుకోండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, మధ్యలో ఖాళీ, చివర చుక్క ఏవీ వదలకండి. కొత్త రౌటర్‌కు సరిగ్గా అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టి, పాతదాన్ని ఆపేయండి. ఇంట్లో చాలా వస్తువులు రౌటర్ మారిన సంగతి తెలియనట్టే వాటంతట అవే వచ్చి కలుస్తాయి. కెమెరా కోసం నిచ్చెన ఎక్కే పని, టీవీ రిమోట్‌తో ఒక్కో అక్షరం నొక్కే పని తప్పుతాయి.

పాత పాస్‌వర్డ్ వీధిలో అందరికీ తెలిసిపోయి ఉంటే మాత్రం ఈ దారి వద్దు, కొత్తది పెట్టండి. పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు ఉండాలి, 63 దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు చాలు. చిన్న చిన్న వస్తువుల్లో కొన్ని ప్రత్యేక గుర్తులను సరిగ్గా అందుకోలేవు.

వైఫైకి తెలుగులో పేరు పెట్టాలని నాకూ ముచ్చటే. కానీ ఆ పేరుకు దొరికే చోటు 32 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగులో అక్షరానికి 3, దాని మీద గుణింతానికి మరో 3, ఒత్తు పడితే ఇంకా ఎక్కువ. "మా ఇల్లు" అన్న చిన్న పేరుకే 22 బైట్లు అయిపోతాయి. పైగా పాత టీవీలు, ప్రింటర్లు ఆ పేరును డబ్బాలుగా చూపిస్తాయి, లేదంటే అసలు చూపించవు. ఒరియా లిపికీ ఇదే లెక్క. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచేయండి.

ముందు లైట్లు చూడండి

ఫైబర్ పెట్టె మీద పాన్ (PON) అని ఒక లైటు, లాస్ (LOS) అని ఇంకో లైటు ఉంటాయి. పాన్ పచ్చగా నిలకడగా వెలుగుతుంటే లైను బాగున్నట్టు. లాస్ ఎర్రగా కొట్టుకుంటుంటే బయటినుంచి వెలుతురే రావట్లేదు. తీగ తెగిందో, ఎక్కడో బాగా వంగిందో, వెనక కనెక్టర్ వదులైందో అయి ఉంటుంది. అలాంటప్పుడు ఇంట్లో ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం లేదు. ఫోన్ చేసి ఒరియాలో "నాలి లైట్ జళుఛి" (ఎర్ర లైటు వెలుగుతోంది) అంటే ఇక్కడి లైన్‌మన్‌కు వెంటనే అర్థమవుతుంది.

పాన్ బాగుండి, ఒక్క ఫోన్లోనైనా నెట్ వస్తోందంటే లైను, రౌటర్ రెండూ పని చేస్తున్నట్టే. అయితే ఆ ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి చూడండి. మన సరిహద్దు ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపే ఉండిపోయింది. ఇప్పుడు మన చేతిలో ఫోను ఇంట్లో ఒక గదిలో ఒడిశా టవర్, ఇంకో గదిలో ఆంధ్ర టవర్ పట్టుకుంటుంది. వైఫై బలహీనంగా ఉంటే ఫోను చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకు మారిపోయే సెట్టింగ్ చాలా ఫోన్లలో ఆన్ చేసి ఉంటుంది. అప్పుడు వీడియో ఆడుతుంది, వైఫై బాగుందనుకుంటాం. అత్త ఇంట్లో వంటింట్లో జరిగింది అదే.

మొండికేసిన వస్తువు ఏమంటోంది?

ఒక్కో వస్తువు దగ్గరికి వెళ్లి వైఫై సెట్టింగ్స్ తెరవండి. మూడింట్లో ఒకటి కనిపిస్తుంది. మీ వైఫై పేరే జాబితాలో ఉండదు. లేదా పేరుంటుంది, పాస్‌వర్డ్ తప్పు అంటుంది. లేదా కనెక్ట్ అయిందని చూపిస్తుంది, నెట్ మాత్రం రాదు. ఈ మూడూ మూడు వేరే జబ్బులు. ఏదో తేలాకే కింద ఆ భాగం చదవండి.

దానికి ముందు ఒక చిన్న పరీక్ష. వస్తువు బతికే ఉందా అన్న అనుమానం దీంతో తీరిపోతుంది. ఇంకో ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, దానికి మీ పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టండి. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ ఉండేలా చూడండి, అదేంటో కింద చెప్తాను. కెమెరా ప్లగ్ తీసి పెట్టి రెండు నిమిషాలు ఆగండి. అత్త కెమెరా వెంటనే లేచింది, యాప్‌లో గుమ్మం, తులసికోట కనబడ్డాయి. కొత్తది కొనమన్న మాట అక్కడితో పోయింది.

పేరే కనబడకపోతే

ఎక్కువ సార్లు కారణం బ్యాండే. కొత్త రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారుల్లో సిగ్నల్ పంపుతాయి. 5 వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటడంలో నీరసిస్తుంది. 2.4 నెమ్మది, కానీ ఎక్కువ దూరం పోతుంది. చవక కెమెరాలు, స్మార్ట్ ప్లగ్‌లు, బల్బులు, పాత ప్రింటర్లు చాలా మటుకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి. రౌటర్‌లో 2.4 ఆపేసి ఉంటే వాటికి ఏమీ కనబడదు. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఎవరికి ఏది ఇవ్వాలో రౌటరే తేల్చే పద్ధతి ఒకటుంది. ఫోన్లకు అది బాగానే ఉంటుంది, ఈ చిన్న వస్తువులు మాత్రం తికమకపడతాయి.

దీన్ని మార్చాలంటే రౌటర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లాలి. కనెక్ట్ అయిన ఫోన్లో వైఫై వివరాలు తెరిస్తే గేట్‌వే అని ఒక నంబరు ఉంటుంది. 192.168.1.1 కావచ్చు, 192.168.0.1 కావచ్చు, జియోఫైబర్ అయితే 192.168.29.1. ఆ నంబరును బ్రౌజర్‌లో కొట్టండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ సాధారణంగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకోండి. లోపల వైర్‌లెస్ భాగంలో 2.4కు ఒక పేరు, 5కు వేరే పేరు పెట్టండి. 2.4 పేరే పాత రౌటర్ పేరైతే మరీ మంచిది. అత్త ఇంట్లో అలా చేయగానే కెమెరా దానంతట అదే వచ్చి కలిసింది, నిచ్చెన తేవాల్సిన పని పడలేదు.

2.4 ఉన్నా పేరు కనబడకపోతే ఛానెల్, అంటే ఆ దారిలో రౌటర్ ఎంచుకున్న వరస, ఏదో చూడండి. మన దేశంలో 1 నుంచి 13 దాకా వాడొచ్చు. అమెరికా కోసం తయారైన వస్తువులు మాత్రం 11 దాటి చూడవు. విదేశాల నుంచి పిల్లలు పంపిన సామాన్లు ఇక్కడే ఇరుక్కుంటాయి. ఛానెల్ ఆటో తీసేసి 1, 6, 11లో ఒకటి పెట్టండి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. గోడకు గోడ ఆనుకున్న మన వీధుల్లో పక్కింటి వైఫైలన్నీ మీద పడుతుంటాయి కాబట్టి 40 పెట్టినా పెద్దగా లాభం లేదు.

5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లు రాడార్లు కూడా వాడే దారిలో ఉంటాయి. రౌటర్ ఆ ఛానెల్ ఎక్కే ముందు కనీసం ఒక నిమిషం రాడార్ ఉందేమోనని విని చూస్తుంది. రీస్టార్ట్ చేశాక 5 పేరు ఆలస్యంగా కనబడేది అందుకే. కొన్ని టీవీలు, టీవీకి గుచ్చే స్టిక్‌లు ఆ ఛానెళ్లను అసలు పట్టించుకోవు. 36, 40, 44, 48లో ఒకటి పెడితే ఆ గొడవ ఉండదు.

ఇక మా బావ లాప్‌టాప్. పక్కింటి వైఫైలన్నీ చూపిస్తోంది, సొంత ఇంటిది ఒక్కటే చూపించట్లేదు. అది వైఫై 6 అనే కొత్త తరం వైఫై వచ్చే ముందు కాలం నాటి యంత్రం, దాని వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, కూడా అప్పటిదే. కొన్ని పాత డ్రైవర్లకు వైఫై 6 రౌటర్ పంపే పిలుపు అర్థం కాదు, అందుకే జాబితాలోనే చూపించవు. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ద్వారా నెట్ ఇచ్చి, లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి కొత్త వైఫై డ్రైవర్ వేశాను. రీస్టార్ట్ కాగానే పేరు కనబడింది. కొత్త డ్రైవర్ దొరకని పాత యంత్రమైతే రౌటర్‌లో 2.4 వరకు వైఫై 6 మోడ్ ఆపేస్తే సరిపోతుంది.

పేరుంది, పాస్‌వర్డ్ తప్పు అంటోంది

ముందు నిజంగానే తప్పు కొట్టామా చూసుకోవాలి. స్టిక్కర్ మీద సున్నా, ఇంగ్లిష్ ఓ ఒకేలా ఉంటాయి. ఒకటి అంకె, చిన్న ఎల్, పెద్ద ఐ కూడా అంతే. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేసేస్తుంది. మన ఇళ్లలో ఒకే ఫోన్లో తెలుగు, ఒరియా, ఇంగ్లిష్ మూడు కీబోర్డులూ ఉంటాయి కాబట్టి ఏది తెరిచి ఉందో గమనించండి. పాస్‌వర్డ్ చూపించే కన్ను గుర్తు నొక్కి, అక్షరం అక్షరం సరిచూసుకోండి.

సరిగ్గానే కొట్టినా తీసుకోకపోతే ఆ వస్తువులో పాత వైఫైని మరిచిపోమనాలి. సెట్టింగ్స్‌లో ఫర్గెట్ అని ఉంటుంది. పేరు అదే అయినా పాత రౌటర్ తాళం రకం వేరు, కొత్తదాని రకం వేరు అయితే, వస్తువు పాత జ్ఞాపకాన్నే పట్టుకుని కూర్చుంటుంది.

ఆ తాళం రకమే అసలు సమస్య కూడా కావచ్చు. కొత్త రౌటర్లు కొన్ని డబ్ల్యూపీఏ3 అనే భద్రత మీద ఉంటాయి. పాత వస్తువులకు అది రాదు, సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పే అంటాయి. రౌటర్ వైర్‌లెస్ సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ పెట్టి చూడండి. అప్పటికీ కలవకపోతే 2.4 ఒక్కదానికి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి. ఇంటికి అది చాలినంత భద్రతే. డబ్ల్యూఈపీ అనే పాత బలహీన తాళం జోలికి, పాస్‌వర్డ్ లేని ఓపెన్ జోలికి మాత్రం ఎంత తొందరున్నా వెళ్లకండి. వస్తువు ఒక్కటి కలవడం కోసం వీధికంతటికీ తలుపు తెరిచినట్టవుతుంది.

ఫోన్ల విషయంలో ఇంకొకటి ఉంది. ఒక్కో పరికరానికి మ్యాక్ అని ఒక గుర్తింపు నంబరు ఉంటుంది. రౌటర్‌లో ఫలానా నంబర్లనే రానివ్వాలని మ్యాక్ ఫిల్టర్ పెట్టుకునేవాళ్లుంటారు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ బదులు ఒక్కో వైఫైకి ఒక్కో మారు నంబరు చెబుతాయి. జాబితాలో లేని నంబరు కాబట్టి రౌటర్ బయటే ఆపేస్తుంది. ఇంటి వైఫై వరకు ఫోన్లో ఆ మారు నంబరు ఆపేయండి, లేదా ఫిల్టర్ తీసేయండి.

కనెక్ట్ అయింది, నెట్ రాదు

అత్త టీవీది ఇదే బాధ. వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, ఏ యాప్ తెరిచినా గిర్రున తిరుగుతోంది. సెట్టింగ్స్‌లో తేదీ చూస్తే ఎన్నో ఏళ్ల కిందటి జనవరి 1 ఉంది. వారం పాటు స్విచ్ ఆపేసి ఉంచడంతో గడియారం మొదటికి పోయింది. యాప్‌లు సర్వర్‌తో మాట్లాడే ముందు దాని గుర్తింపు పత్రానికి గడువు ఉందా లేదా అని తేదీ చూస్తాయి. ఇంట్లో తేదీ తప్పైతే మంచి పత్రం కూడా చెల్లనిదిగా కనబడుతుంది. తేదీ, సమయం చేత్తో సరిచేసి, తర్వాత ఆటోమేటిక్ పెట్టాను. అంతే, సాయంత్రం సీరియల్ టైముకు టీవీ సిద్ధం.

తేదీ సరిగ్గా ఉంటే ఐపీ అడ్రస్, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో ఆ వస్తువు నంబరు, చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. వస్తువు, రౌటర్ రెండూ ఒకసారి ఆపి పెట్టండి. ముందు ఫైబర్ పెట్టె, దాని పాన్ లైటు నిలబడ్డాక రౌటర్ (విడిగా ఉంటే), ఆ తర్వాత వస్తువు. ఈ వరస తప్పకండి.

ప్రింటర్లు, సీసీ కెమెరాల రికార్డర్ పెట్టెలది ఇంకో రకం. బిగించినవాళ్లు వాటికి మారని అడ్రస్ ఇచ్చి వెళ్తారు. బావ ప్రింటర్‌ది 192.168.1.50. కొత్త రౌటర్ వీధి 192.168.29. పాత వీధి ఇంటి నంబరు పట్టుకుని కొత్త వీధిలో తిరిగితే ఎవరూ దొరకరు కదా. ప్రింటర్ మెనూలో ఐపీని ఆటో, అంటే రౌటరే అడ్రస్ పంచే డీహెచ్‌సీపీ, చేయండి. మారని అడ్రస్ కావాలనుకుంటే ప్రింటర్‌లో కాకుండా రౌటర్‌లోనే దానికి ఒక అడ్రస్ రిజర్వేషన్ పెట్టండి. కంప్యూటర్లో కూడా ఆ ప్రింటర్ తీసేసి మళ్లీ చేర్చాలి, అది ఇంకా పాత అడ్రస్‌కే కాగితం పంపుతూ ఉంటుంది.

పాత రౌటర్ పారేయడం ఎందుకని కొత్త పెట్టె వెనకే తగిలించి ఉంచితే రెండూ అడ్రసులు పంచుతాయి. ఒక్కోసారి రెండిటి సొంత అడ్రసూ 192.168.1.1 అయి కొట్టుకుంటాయి. పాతదాన్ని వాడుకోవచ్చు, నేనూ వాడతాను. దానిలో యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే అది పెట్టండి. లేకపోతే దాని అడ్రస్‌ను కొత్త పెట్టె వీధిలోనే వేరే నంబరుకు మార్చి (కొత్తది 192.168.1.1 అయితే దీన్ని 192.168.1.2 చేసి), డీహెచ్‌సీపీ ఆపి, కొత్త పెట్టె నుంచి వచ్చే తీగను దాని లాన్ (LAN) పోర్టులో గుచ్చండి, వాన్ (WAN) పోర్టులో కాదు.

నెట్ వస్తోంది గానీ ఫోన్‌కు ప్రింటర్ కనబడదు, ఫోన్లో వీడియో టీవీకి వెళ్లదు అంటే రెండింట్లో ఒకటి గెస్ట్ నెట్‌వర్క్‌లో, అంటే చుట్టాల కోసం రౌటర్ విడిగా ఇచ్చే వైఫైలో, ఉందేమో చూడండి. గెస్ట్‌లో ఉన్న వస్తువులు సాధారణంగా అసలు వైఫైలో ఉన్నవాటిని చూడలేవు. రెండిటినీ అసలు వైఫైకే కలపండి.

స్మార్ట్ ప్లగ్, కెమెరా మొదటినుంచి కలపాలంటే

తొందరపడితే ఇవే ఎక్కువ సతాయిస్తాయి. నేను చేసే వరస ఇది.

1. కెమెరా కిందకి దించి, రౌటర్ ఉన్న గదిలోనే పెట్టండి. కలిశాక గోడకు ఎక్కించొచ్చు.
2. ఫోన్‌ను 2.4 పేరుకు కలపండి. మొబైల్ డేటా, వీపీఎన్ ఆపేయండి. మధ్యలో ఫోను వస్తువు సొంత వైఫైకి మారుతుంది, అందులో నెట్ ఉండదు కాబట్టి డేటా ఆన్‌లో ఉంటే ఫోను అటు జారిపోతుంది.
3. యాప్‌కు లొకేషన్, బ్లూటూత్, చుట్టుపక్కల పరికరాలు చూసే అనుమతి ఇవ్వండి. అవి లేకుంటే యాప్ వెతకలేదు.
4. వస్తువు మీద రీసెట్ బటన్ లైటు చకచకా కొట్టుకునేదాకా నొక్కి పట్టుకోండి.
5. క్యూఆర్ కోడ్ చూపించే కెమెరా అయితే ఫోన్ వెలుతురు పెంచి, జానెడు దూరంలో కదలకుండా పట్టుకోండి.

యాప్ ఖాతాకు ఓటీపీ ఏ నంబరుకు వస్తుందో ముందే కనుక్కోండి. విశాఖలో ఉన్న అబ్బాయి సిమ్‌తో ఖాతా తెరిచి ఉంటే ఆ సమయానికి అతను ఫోన్ దగ్గర ఉండాలి. కనెక్షన్ ఫిర్యాదుకూ అంతే, రిజిస్టర్ చేసిన నంబరు నుంచి చేస్తేనే తొందరగా పని జరుగుతుంది.

పొడుగు ఇంటికి సిగ్నల్

రౌటర్‌ను ముందు గది మూల నుంచి నడిమి గదికి మార్చడమే చాలా ఇళ్లకు సగం మందు. ఛాతీ ఎత్తులో, తెరిచిన చోట పెట్టండి. ఇనప బీరువా పైన, ఫ్రిజ్ వెనక, నీళ్ల డ్రమ్ము పక్కన, పెద్ద అద్దం ఎదురుగా వద్దు. ఇనుము, నీళ్లు సిగ్నల్‌ను ఆపేస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 దారిలోనే పని చేస్తుంది, అది తిరుగుతున్నంతసేపు పక్కనున్న వస్తువులు తెగిపోతుంటాయి. పెరటి గదికి అందకపోతే క్యాట్ 6 తీగ లాగి అక్కడ పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టడం అన్నిటికంటే నమ్మకమైన దారి. ఒక తీగ 100 మీటర్ల దాకా లాగొచ్చు, ఏ వీధి ఇల్లూ అంత పొడుగుండదు.

రీసెట్ చివరిది, మొదటిది కాదు

రీస్టార్ట్ అంటే స్విచ్ ఆపి పెట్టడం. రీసెట్ అంటే వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పట్టుకోవడం, దాంతో సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టెలో వాళ్ల లాగిన్, లైను వివరాలు ఉంటాయి. అవి పోతే ఒక్క వస్తువు సమస్య కాస్తా ఇంటి మొత్తం సమస్య అవుతుంది, మనిషి వచ్చేదాకా ఎదురుచూడాలి. మా వీధిలో ఒక ఇంట్లో బల్బు కలవలేదని పెట్టెను రీసెట్ చేసి, నాలుగు రోజులు నెట్ లేకుండా కూర్చున్నారు. సొంతంగా కొన్న రౌటర్ అయినా సరే, లోపలి సెట్టింగ్స్ పేజీలన్నీ ఫోటోలు తీశాకే పిన్ను పట్టుకోండి.

అత్త ఇంటి నుంచి బయల్దేరే ముందు ఒక కాగితం మీద 2.4 పేరు, 5 పేరు, పాస్‌వర్డ్‌లు, సెట్టింగ్స్ పేజీ నంబరు, కనెక్షన్‌కు రిజిస్టర్ అయిన ఫోన్ నంబరు రాసి, బీరువా తలుపు లోపలివైపు అంటించాను. బావ దాన్నే ఆ ప్రింటర్‌లో ఇంకో కాపీ తీసి తన పర్సులో పెట్టుకున్నాడు.